అసలు టాకో ఎక్కడుంది: మూడు ప్రశ్నల సాధన

కొత్త దేశంలో స్థిరపడినవాళ్లు బ్యాంకు, బడి, గుడి, మన సరుకుల దుకాణం ఎక్కడున్నాయో చకచకా తెలుసుకుంటారు. పక్క వీధిలో రోజూ సాయంత్రం ఆగే టాకో బండి దగ్గరికి మాత్రం ఏళ్లు గడిచినా వెళ్లరు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో కానివ్వండి, న్యూజెర్సీలో ఎడిసన్, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ కానివ్వండి, తెలుగు కుటుంబాల్లో ఇలాంటివాళ్లు చాలామంది కనిపిస్తారు. అడిగితే కారణాలు చెబుతారు. స్పానిష్ రాదు. అది ఏ మాంసమో తెలియదు. ఎలా అడగాలో తెలియదు. శుభ్రత ఎలా ఉంటుందోనని అనుమానం. ఈ నాలుగూ నిజమైన ఇబ్బందులే. నాలుగింటికీ మందు ఒక్కటే: కాస్త తెలుసుకుని వెళ్లడం.

పరాయి వంటను తెలివిగా, గౌరవంగా సమీపించడం ఒక నైపుణ్యం. అది పుట్టుకతో వచ్చేది కాదు, అభ్యాసంతో అబ్బేది. దాన్ని నేర్చుకోవడానికి టాకో కంటే మంచి పాఠం దొరకదు. ధర తక్కువ, పరిమాణం చిన్నది, ప్రతి పేటలోనూ దొరుకుతుంది, నచ్చకపోతే పోయేదేమీ లేదు. నచ్చితే ఒక జాతి మొత్తాన్ని గౌరవించడానికి దారి దొరుకుతుంది.

బోర్డు మీద "అసలైన మెక్సికన్" అని ఎవరైనా రాసుకోవచ్చు. కాబట్టి బోర్డును వదిలేసి మూడు ప్రశ్నలు పట్టుకోండి. ఇది ఎవరి చేతి వంట? ఏ ప్రాంతపు వంట? ఎవరి కోసం వండుతున్నారు? ఈ మూడింటికీ జవాబులు స్పష్టంగా దొరికిన చోట మీరు నిశ్చింతగా తినవచ్చు.

ముందుగా: వీధి టాకో అంటే ఏమిటి

అరచేతిలో పట్టేంత మొక్కజొన్న టోర్టియా, అంటే పల్చని రొట్టె. చాలాచోట్ల ఒకదాని మీద ఒకటిగా రెండు పెడతారు. వాటి మీద సన్నగా తరిగిన వేడి మాంసమో, కాల్చిన కూరగాయలో. పైన చిన్న ముక్కలుగా కోసిన తెల్ల ఉల్లిపాయ, కొత్తిమీర. పక్కన నిమ్మ బద్ద, రెండు మూడు రకాల సాల్సా. అంతే. రెండు టోర్టియాలు పెట్టడానికి కారణం ఉంది. మాంసం రసం దిగి పై పొర మెత్తబడినా కింది పొర నిలుస్తుంది. తింటుండగా జారిన ముక్కలను ఆ రెండోదాంట్లో చుట్టుకుని తినేవాళ్లూ ఉన్నారు.

అమెరికా సూపర్ మార్కెట్లలో పెట్టెల్లో దొరికే గట్టి పెంకు టాకో దారి వేరు. టోర్టియాను ముందే వంచి వేయించే పరికరానికి న్యూయార్క్‌లో రెస్టారెంట్ నడిపిన జువెన్సియో మాల్డొనాడో 1950లో పేటెంట్ పొందారు. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో హాట్‌డాగ్ దుకాణం నడిపిన గ్లెన్ బెల్, రోడ్డుకు అవతల ఉన్న మిట్లా కేఫ్ టాకోలు చూసి ఆ పని నేర్చుకున్నాడు. 1937లో మొదలైన ఆ కేఫ్ ఒక మెక్సికన్ కుటుంబానిది. బెల్ 1962లో డౌనీ పట్టణంలో టాకో బెల్ ప్రారంభించాడు. పెంకులు ముందే చేసి పెట్టుకుని, అడిగినప్పుడు నింపి ఇస్తే పని వేగంగా సాగుతుంది. గొలుసు దుకాణాలు పెరిగింది ఆ వేగం మీదే.

మెక్సికోలో కరకరలాడే టాకోలు లేవని దీని అర్థం కాదు. అక్కడ కూర లోపల పెట్టి చుట్టిన తర్వాత నూనెలో వేయిస్తారు. అలాగే, పసుపు చీజ్, ఖీమా, లెట్యూస్ వేసే టెక్స్-మెక్స్ వంట మోసమూ కాదు. టెక్సాస్‌లో తరతరాలుగా ఉంటున్న మెక్సికన్ కుటుంబాలు అక్కడ దొరికిన సరుకులతో పెంచుకున్న సొంత సంప్రదాయం అది. దాన్ని దాని పేరుతో ఇష్టంగా తినండి. వీధి టాకో కావాలనుకున్న రోజున మాత్రం ఏది ఏదో తెలిసి ఎంచుకోండి.

మొదటి ప్రశ్న: ఎవరి చేతి వంట?

జవాబు టోర్టియాలో ఉంటుంది. మాంసం కంటే, సాల్సా కంటే ముందు దాన్ని చూడాలి.

ఎండు మొక్కజొన్న గింజలను సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి రాత్రంతా నాననిస్తారు. తమలపాకుకు రాసే సున్నంలో ఉండే కాల్షియం హైడ్రాక్సైడే ఇది కూడా. పొద్దున ఆ గింజలను కడిగి, ఊడిన పొట్టు పోగొట్టి, రుబ్బితే వచ్చే ముద్దను మాసా అంటారు. గింజలను ఇలా సిద్ధం చేయడాన్ని నిక్స్తమల్ పద్ధతి అంటారు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతపు మూలవాసులు మూడు వేల ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నారు. సున్నం వల్ల పిండికి జిగురు వస్తుంది. ఉత్త మొక్కజొన్న పిండి టోర్టియాగా నిలవదు, విరిగిపోతుంది. సున్నం వల్ల కాల్షియం చేరుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, గింజలో బందీగా ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టే రూపంలోకి వస్తుంది.

ఈ జ్ఞానం విలువ దాన్ని వదిలేసిన చోట తెలిసింది. ఐరోపావాళ్లు మొక్కజొన్నను తీసుకుపోయారు గానీ సున్నపు పద్ధతిని తీసుకుపోలేదు. స్పెయిన్‌లో, ఉత్తర ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదలు పెల్లాగ్రా జబ్బుతో చర్మం పగిలి, మతి చెదిరి చనిపోయారు. దానికి కారణం అంటు కాదు, తిండిలోని లోపమని డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 20వ శతాబ్దం మొదట్లో నిరూపించారు. మన దక్కన్‌లో జొన్న ప్రధానాహారంగా తినే పేదల్లోనూ ఆ జబ్బు కనిపించింది. దాని మీద హైదరాబాద్‌లోని నేటి జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లలో పరిశోధన చేశారు. ఐరోపాలో, అమెరికాలో అంతమందిని బలిగొన్న లోపానికి మందు ఆ మూలవాసి స్త్రీల వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. టోర్టియాను చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ సంగతి గుర్తుంటే దాని మీద చూపు మారుతుంది.

దుకాణంలో ఏం గమనించాలి? తలుపు తీయగానే కాలిన మొక్కజొన్న వాసన రావాలి. టోర్టియా మీద అక్కడక్కడా గోధుమరంగు మచ్చలుండాలి. మడిచినప్పుడు పగలకూడదు. ఎవరైనా పిండి ఉండలు చేసి, చెక్క లేదా ఇనుప అచ్చులో నొక్కి, పెనం మీద వేస్తూ కనిపిస్తే మీరు మంచి చోటికి వచ్చారు. పెనం మీద టోర్టియా పొంగుతుంటే ఇంకా మంచిది.

ప్రతి దుకాణమూ మొక్కజొన్న నానబెట్టి రుబ్బాలని పట్టుబట్టకండి. నిక్స్తమల్ చేసి ఎండబెట్టిన పిండిని మెక్సికోలోనే ఎంతోమంది వాడతారు. అందులో పేరున్న మాసేకా 1949లో న్యూవో లియోన్ రాష్ట్రంలో మొదలైంది. దగ్గర్లోని టోర్టియా మిల్లు నుంచి రోజూ తెచ్చుకునే దుకాణాలూ చాలా ఉన్నాయి. ఇందులో తప్పేమీ లేదు. మీరు అడిగిన తర్వాత పెనం మీద సరిగ్గా కాల్చి ఇస్తున్నారా అన్నదే గీటురాయి. చల్లగా, తడిగా, రబ్బరులా ఉన్న టోర్టియా మీద ఎంత గొప్ప మాంసం వేసినా అది మంచి టాకో కాదు.

రెండో ప్రశ్న: ఏ ప్రాంతపు వంట?

విదేశంలో "ఇండియన్ ఫుడ్" అనగానే బటర్ చికెన్, నాన్ పెట్టి, గుంటూరు కారాన్నీ రాయలసీమ రాగి సంగటినీ తెలంగాణ సర్వపిండినీ లెక్కలోకే తీసుకోకపోతే మనకు నొప్పి కలుగుతుంది. మెక్సికో వాళ్లకూ అంతే. ఆ దేశంలో 31 రాష్ట్రాలు, దేశ రాజధాని ఉన్నాయి. ప్రతి ప్రాంతానికీ తన టాకో ఉంది. మెక్సికో సంప్రదాయ వంటను యునెస్కో 2010లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మిచోవాకాన్ రాష్ట్రపు వంటను నమూనాగా చూపించారు. ఆ మిచోవాకాన్‌దే కార్నితాస్. పెద్ద రాగి గంగాళంలో పంది మాంసాన్ని దాని కొవ్వులోనే నెమ్మదిగా మగ్గబెడతారు. ఇదాల్గో రాష్ట్రంలో గొర్రె మాంసాన్ని మాగే అనే మొక్క ఆకుల్లో చుట్టి, నేలలో తవ్విన గుంతలో రాత్రంతా కాలుస్తారు. అది బార్బకోవా. హలిస్కో రాష్ట్రపు మేక మాంసం పులుసు బిరియా. ఉత్తరాన సోనోరాలో పశువుల మేత భూములు ఎక్కువ, గోధుమ పంట ఎక్కువ. అందుకే అక్కడ నిప్పుల మీద కాల్చిన బీఫ్‌ను పల్చని గోధుమ టోర్టియాలో చుడతారు. గోధుమ టోర్టియా కనిపించగానే నకిలీ అనేయకూడదు. సోనోరా వంటకు అదే అసలు. బాహా కాలిఫోర్నియా తీరంలో ఎన్సెనాదా ఊరు పిండిలో ముంచి వేయించిన చేప టాకోకు పేరు పొందింది. పైన సన్నగా తరిగిన క్యాబేజీ, తెల్లని క్రీము సాస్ వేస్తారు. యుకతాన్‌లో పంది మాంసానికి అచియోతే గింజల ఎరుపు, పుల్ల నారింజ రసం పట్టించి అరటాకుల్లో చుట్టి మగ్గబెట్టి, ఊరబెట్టిన ఎర్ర ఉల్లిపాయతో వడ్డిస్తారు.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది టాకో అల్ పాస్తోర్ కథ. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో లెబనాన్ ప్రాంతం నుంచి చాలామంది మెక్సికోకు వలస వచ్చారు. నిలువు కడ్డీకి మాంసం గుచ్చి కాల్చే షవర్మా పద్ధతి వాళ్లతో వచ్చింది. ప్వెబ్లా నగరంలో 1930ల నాటికి ఆ మాంసాన్ని రొట్టెలో చుట్టి అమ్మేవారు. దాన్ని ఇప్పటికీ అరబ్ టాకో అనే పిలుస్తారు. మెక్సికో నగరానికి వచ్చేసరికి మాంసం పంది మాంసమైంది. ఎండు మిరపకాయలు, అచియోతే కలిపిన ఎర్రని ముద్ద పట్టించారు. రొట్టె స్థానంలో మొక్కజొన్న టోర్టియా వచ్చింది. కడ్డీ కొసన అనాసపండు చేరింది. 1960ల నాటికి అది ఆ నగరపు సొంత వంట అయింది. వలస వచ్చినవాళ్లు తెచ్చినది రెండు తరాల్లో మెక్సికో నగరపు గుర్తుగా మారింది.

కాబట్టి అసలుతనం అంటే మడి కట్టుకుని కూర్చోవడం కాదు. టాకో మీద చల్లే ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మ, లోపల పెట్టే పంది మాంసం, బీఫ్ అన్నీ స్పానిష్‌వాళ్ల ఓడల్లో వచ్చినవే. మన ఆవకాయలో మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మనకు వచ్చింది. అయినా ఆవకాయ మనది కాదని ఎవరూ అనలేరు. ఒక ప్రాంతపు జనం ఒక వంటను రోజూ వండి, రోజూ తిని, తమ చేతికి అలవాటు చేసుకున్నప్పుడు అది వాళ్ల అసలు వంట అవుతుంది. మీరు వెతకాల్సింది ఆ అలవాటును.

దుకాణం గోడ మీద ఊరి పేరు, రాష్ట్రం పేరు, పటం, ఫుట్‌బాల్ జట్టు జెండా కనిపిస్తే గమనించండి. కనిపించకపోతే అడగండి. "మీది ఏ ఊరు? అక్కడ ఏది బాగా చేస్తారు?" అని అడిగినప్పుడు వంట మనిషి ముఖం విప్పారుతుంది. ఆ జవాబులో వచ్చిన వంటకాన్నే తెప్పించుకోండి.

మూడో ప్రశ్న: ఎవరి కోసం వండుతున్నారు?

దుకాణంలో తింటున్నవాళ్లను చూడండి. మధ్యాహ్నం ఇళ్లు కట్టే కార్మికులు, తోటపని చేసేవాళ్లు వరసలో నిలబడితే, ఆదివారం చర్చి ముగిశాక ముసలివాళ్లతో, పిల్లలతో కుటుంబాలు వస్తుంటే, ఆ వంట తన మనుషులకు జవాబుదారీగా ఉందని అర్థం. వాళ్లకు అమ్మ చేతి రుచి గుర్తుంది. తేడా వస్తే మళ్లీ రారు.

వంటకాల పట్టిక చూడండి. పొట్టిగా ఉంటే మంచి గుర్తు. మెక్సికో నగరంలో 1968 నుంచి నడుస్తున్న ఎల్ కలీఫా దె లియోన్ అనే చిన్న టాకో దుకాణానికి 2024 మేలో మిషెలిన్ స్టార్ వచ్చింది. అక్కడ అమ్మేవి నాలుగే రకాల టాకోలు. ఉప్పు, నిమ్మరసం తప్ప మాంసానికి పెద్దగా మసాలా లేదు. జనం నిలబడే తింటారు. ఏళ్ల తరబడి ఒకే పని చేసిన చేతికి వచ్చిన గుర్తింపు అది.

పట్టికలో నాలుక, తలకాయ మాంసం, బోటి లాంటివి ఉన్నాయంటే కూడా ఆ దుకాణం సొంత జనానికి వండుతోందని అర్థం. బయటివాళ్లను మెప్పించడానికి ఎవరూ వీటిని పెట్టరు. మీరు తినకపోయినా గుర్తుగా పనికొస్తాయి.

వేళ కూడా చెబుతుంది. బార్బకోవా రాత్రంతా కాలాలి గనుక శని, ఆదివారాల పొద్దున దొరుకుతుంది, మధ్యాహ్నానికి అయిపోతుంది. అల్ పాస్తోర్ సాయంత్రం తర్వాతి వంట. కడ్డీ నిప్పు ముందు తిరుగుతూ ఉండాలి, అంచులు ఎర్రగా కాలాలి, అక్కడికక్కడ కోసిన పల్చని ముక్కలు నేరుగా టోర్టియా మీద పడాలి. కడ్డీ చల్లగా ఉండి, ముందే కోసిన ముక్కలు పెనం మీద వేడి చేస్తుంటే ఆ రోజు ఇంకోటి తెప్పించుకోండి.

సాల్సా రుచి చూడండి. ఎండుమిర్చి కాల్చి రుబ్బిన ఎర్రది, టొమాటియో అనే పుల్లని పచ్చకాయతో చేసిన పచ్చది, ఈ రెండూ కనీసం ఉంటాయి. కాల్చిన మిర్చి ఘాటు, పులుపు, ఉప్పు దేనికదే తెలియాలి. మంచి దుకాణపు సాల్సాకు కారం ఉంటుంది. మన నాలుకకు అది హాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మురికిని అసలుతనానికి గుర్తుగా చూడటం ఆ వంటవాళ్లకు అవమానం. మంచి టాకో మనిషి పరిశుభ్రంగా పని చేస్తాడు. పచ్చి మాంసం ఒకచోట, వండినది వేరేచోట ఉంటాయి. డబ్బు తీసుకునే చేయి తిండిని తాకదు. వేడి పదార్థాలు పొగలు కక్కుతుంటాయి, సాల్సా గిన్నెలకు మూతలుంటాయి లేదా మంచు మీద ఉంటాయి. మెక్సికో నగరంలో పళ్లెం మీద ప్లాస్టిక్ సంచి తొడిగి, ప్రతి మనిషికీ మార్చేయడం మామూలు. అమెరికాలో చాలాచోట్ల లైసెన్సు కాగితం, తనిఖీ గ్రేడు కనిపించేలా పెడతారు. అవి చూడండి. జనం రద్దీ ఉన్నచోట తిండి నిలవ ఉండదు, అది కూడా రక్షణే.

మన తిండి నియమాలు కాపాడుకుంటూ

చాలామంది తెలుగువాళ్లు ఆగిపోయేది ఇక్కడే. శాకాహారులు ఉంటారు, బీఫ్ తిననివాళ్లు, పోర్క్ తిననివాళ్లు ఉంటారు. ఎవరి నియమం వారిది, దాన్ని వదులుకోనక్కర్లేదు. కొన్ని మాటలు తెలిస్తే చాలు.

రెస్ అంటే బీఫ్. ప్వెర్కో, సెర్దో రెండూ పోర్కే. పోయో కోడి. చీవో మేక. బొర్రేగో గొర్రె. పెస్కాదో చేప. కమరోన్ రొయ్య. కార్నె అసాదా దాదాపు ఎప్పుడూ బీఫే. అల్ పాస్తోర్, కార్నితాస్, చొరీసో మామూలుగా పోర్క్. బిరియా పుట్టుక మేక మాంసంతోనే అయినా అమెరికాలో ఎక్కువగా బీఫ్‌తో చేస్తారు. బార్బకోవా కూడా అక్కడ ఎక్కువగా బీఫ్‌తోనే. అందుకే పేరు చూసి నమ్మకుండా "దె రెస్?" అని అడగండి.

శాకాహారులు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. రుబ్బిన చిక్కుడు గింజల కూరలో పంది కొవ్వు వేయడం మామూలు, దాన్ని మాంతేకా అంటారు. అన్నాన్ని కోడి రసంలో వండటం కూడా మామూలే. గోధుమ టోర్టియాలోనూ కొవ్వు కలపవచ్చు. మొక్కజొన్న టోర్టియాలో సాధారణంగా మొక్కజొన్న, సున్నం, నీళ్లే ఉంటాయి. "తియెనే మాంతేకా?" అని అడిగితే పంది కొవ్వు ఉందో లేదో చెబుతారు. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా.

అడిగి చూడవలసిన శాకాహార టాకోలు చాలా ఉన్నాయి. కాల్చిన పొడుగు మిరపకాయల చీలికలను క్రీముతో, చీజ్‌తో చేసేవి రాహాస్. ముళ్లు తీసిన నాగజెముడు మట్టలతో చేసేవి నొపాలెస్. గుమ్మడి పూలు, పుట్టగొడుగులు, బంగాళాదుంప కూడా ఉంటాయి. మొక్కజొన్న కంకికి పట్టే నల్లని బూజును వీట్లాకోచే పేరుతో అపురూపంగా వండుతారు. ఒకే పెనం మీద మాంసం కూడా వేస్తారు కనుక, ఆ విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగాలి, లేదా శాకాహారం మాత్రమే వండే దుకాణం వెతుక్కోవాలి. అడగడంలో మొహమాటం వద్దు. మర్యాదగా అడిగినవాళ్లకు మర్యాదగానే జవాబు వస్తుంది.

ఎక్కడ వెతకాలి

టాకో దుకాణం మెక్సికన్ కుటుంబాలు బతికే పేటలో ఉంటుంది. షికాగోలో లిటిల్ విలేజ్‌లోని 26వ వీధి, పిల్సన్. లాస్ ఏంజెలెస్‌లో బాయిల్ హైట్స్, ఈస్ట్ లాస్ ఏంజెలెస్. శాన్ ఫ్రాన్సిస్కోలో మిషన్, ఓక్లాండ్‌లో ఫ్రూట్‌వేల్. డాలస్‌లో ఓక్ క్లిఫ్. న్యూయార్క్‌లో జాక్సన్ హైట్స్ గుండా పోయే రూజ్‌వెల్ట్ ఎవెన్యూ. న్యూజెర్సీలో పసేయిక్ పట్టణంలో ప్వెబ్లా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. మీ ఊరు ఈ జాబితాలో లేకపోతే మెక్సికన్ కిరాణా కొట్టు, రొట్టెల బేకరీ ఉన్న వీధి వెతకండి. కిరాణా కొట్టు వెనకాల చిన్న కౌంటర్లో, పెట్రోలు బంకులో, టైర్ల షాపు పక్కన ఆగిన ట్రక్కులో గొప్ప టాకోలు దొరుకుతాయి. 1974లో రౌల్ మార్టీనెస్ అనే వలసదారు పాత ఐస్‌క్రీమ్ ట్రక్కును టాకో బండిగా మార్చుకుని ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో వ్యాపారం మొదలుపెట్టాడు. కింగ్ టాకో అనే పేరున్న సంస్థ అలా పుట్టింది.

వెతకడంలో తిండి విమర్శకుడు జొనాథన్ గోల్డ్ మనకు గురువు. 1980ల తొలినాళ్లలో, కుర్రతనంలో, లాస్ ఏంజెలెస్‌లోని పీకో బులెవార్డ్ పొడవునా ఉన్న తిండి దుకాణాలన్నిటిలో వరసగా తినాలని పూనుకున్నాడు. ఆ శిక్షణే ఆయన్ను మలిచింది. వలసదారుల చిన్న దుకాణాలను పెద్ద హోటళ్లతో సమానమైన శ్రద్ధతో రాశాడు. 2007లో పులిట్జర్ బహుమతి పొందాడు. ఆ బహుమతి అందుకున్న తొలి తిండి విమర్శకుడు ఆయనే. ఆయన పద్ధతి ఎవరైనా అనుసరించగలిగిందే: ఒక వీధి ఎంచుకో, వరసగా తిను, పోల్చు, గుర్తుపెట్టుకో.

నిలబడి తినే మర్యాద

వెళ్లగానే "బ్వేనాస్ తార్దెస్" అని పలకరించండి. రాత్రయితే "బ్వేనాస్ నోచెస్". పలకరింపు లేకుండా నేరుగా ఏం కావాలో చెప్పడం అక్కడ మొరటుగా అనిపిస్తుంది. మొదట రెండు టాకోలే అడగండి. వేడిగా తిని, మళ్లీ అడగండి. టాకో చల్లారితే సగం రుచి పోతుంది. "కోన్ తోదో?" అని అడుగుతారు. ఉల్లిపాయ, కొత్తిమీర అన్నీ వేయమంటారా అని. అవునంటే "సీ". సాల్సా ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూశాకే మిగతాది వేసుకోండి. "క్వాల్ పీకా మాస్?" అంటే ఏది ఎక్కువ కారం అని. ఫోర్కు అడగకండి. మూడు వేళ్లతో పట్టుకుని, తల పక్కకు వంచి, పళ్లెం మీదుగా కొరకండి. పక్కన తింటున్నవాళ్లకు "ప్రొవేచో" అంటే సంతోషిస్తారు. నగదు దగ్గర ఉంచుకోండి, టిప్పు మరవకండి.

తాగడానికి హమైకా అడగండి. దాన్ని తయారుచేసే ఎర్రని రేకలు మన ఎర్ర గోంగూర మొక్కవే. మనం ఆకు తిన్నాం, వాళ్లు పువ్వు కింది ఎర్రని తొడిమ రేకలతో చల్లని పానీయం చేసుకున్నారు. చింతపండు నీళ్లు కూడా దొరుకుతాయి. బియ్యం, దాల్చినచెక్కతో చేసే ఒర్చాతా తియ్యగా, చల్లగా కారాన్ని దించుతుంది.

ఈ బండ్ల వెనక కష్టం ఉంది. కాలిఫోర్నియాలో కాలిబాట మీద తిండి అమ్మడం చాలాచోట్ల నేరంగా ఉండేది. 2018లో చేసిన చట్టం 2019 జనవరి నుంచి ఆ నేర ముద్రను తొలగించింది. అంతవరకూ జరిమానాలకు, బండి జప్తులకు భయపడుతూ వండినవాళ్లు ఎందరో. బేరమాడకండి. అడక్కుండా ఫొటోలు తీయకండి.

ఈ నెల సాధన

మొదటి వారం: మీ ఇంటికి దగ్గర్లోని మెక్సికన్ కిరాణా వీధిని గుర్తించండి. తినకపోయినా సరే, నడిచి రండి. ఎవరు తింటున్నారో, ఏ వేళకు రద్దీ ఉందో చూడండి.

రెండో వారం: ఒక దుకాణం ఎంచుకుని టోర్టియాను పరీక్షించండి. మీ నియమానికి తగిన ఒకే ఒక రకం టాకో తినండి. వాసన, మచ్చలు, మెత్తదనం, సాల్సా గురించి నాలుగు మాటలు రాసుకోండి.

మూడో వారం: అదే రకం టాకోను వేరే దుకాణంలో తినండి. పోలిక లేకుండా రుచి తెలియదు. ఒకే రకాన్ని రెండు చోట్ల తిన్నప్పుడు తేడా నోటికి దొరుకుతుంది.

నాలుగో వారం: రెండింటిలో నచ్చినదానికి మళ్లీ వెళ్లి, వంట చేసేవాళ్ల ఊరేదో అడగండి. వాళ్లు చెప్పిన వంటకం తినండి. పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి. ఇరుగుపొరుగు జాతుల తిండిని ఎలా గౌరవించాలో వాళ్లు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.

ఎవరి చేతి వంట, ఏ ప్రాంతపు వంట, ఎవరి కోసం అన్న మూడు ప్రశ్నలు అలవాటైతే, ఇథియోపియా హోటల్లోనూ వియత్నాం దుకాణంలోనూ అవే పని చేస్తాయి. వెళ్లకుండా మిగిలిపోయిన ఆ బండి దగ్గరికి ఈ వారమే వెళ్లండి. పలకరించండి, అడగండి, వేడిగా తినండి. బాగుంటే, బాగుందని ఆ వండినవాళ్లకే చెప్పండి.